నొక్కినవాడు నోరు విప్పేదెలా?

సాయంత్రం ఆరు దాటాక చందాపుర సర్కిల్‌లో దిగే జనాన్ని చూస్తే ఒక సంగతి తెలిసిపోతుంది. ఎలక్ట్రానిక్స్ సిటీ నుంచి, బొమ్మసంద్ర నుంచి కంపెనీ బస్సులు, క్యాబ్‌లు వచ్చి ఆగుతుంటాయి. దిగేవాళ్లలో మెడలో ట్యాగు లేనివాళ్లు తక్కువ. ఆ ట్యాగు మీద పేరు, ఫొటో, ఉద్యోగి నంబరు, కంపెనీ గుర్తు అన్నీ ఉంటాయి. బేకరీ ముందు టీ తాగుతున్నా, ఆనేకల్ రోడ్డులో కూరగాయలు బేరమాడుతున్నా అది గుండెల మీదే వేలాడుతుంటుంది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు వైపు నుంచి వచ్చి పీజీల్లో సర్దుకుని బతుకుతున్న పిల్లలకు ఆ ట్యాగు చిన్న విషయం కాదు. ఇంట్లో పొలం అమ్మో, బంగారం కుదువ పెట్టో చదివించినదానికి దక్కిన ఫలం అది. దాన్ని జేబులో దాచుకోమంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. కానీ ఆ పేరూ, ఆ నంబరూ చదువుకుని, మర్నాడు ఆ మనిషిని తానేనని చెప్పి కంపెనీ హెల్ప్‌డెస్కుకు ఫోన్ చేసే ఘనులు లోకంలో ఉన్నారు. ఈ ముక్క కంపెనీలు ఏటా చెప్పే పాఠంలో ఉంటుంది. పాఠం విన్నవాళ్ల మెడలోనూ ట్యాగు ఉంటుంది. చెప్పిందానికీ చేసేదానికీ మధ్య ఉన్న ఈ దూరమే ఇవాళ్టి సమస్య.

సమాచార భద్రత అంటే చాలామంది దృష్టిలో అదేదో కంప్యూటర్ల గదిలో జరిగే యవ్వారం. ఫైర్‌వాల్, యాంటీవైరస్, సర్వర్లు... చూసుకోవడానికి ఐటీ వాళ్లున్నారు కదా అని ఊరుకుంటారు. దొంగ మాత్రం అలా అనుకోడు. గోడకు కన్నం వేయడం కన్నా తలుపు తట్టి లోపలివాళ్లతోనే తీయించుకోవడం తేలికని వాడికి తెలుసు. అమెరికా టెలికం సంస్థ వెరిజాన్ డేటా చోరీల మీద ఏటా ఒక నివేదిక వెలువరిస్తుంది. 2025 నివేదిక ప్రకారం చోరీల్లో దాదాపు 60 శాతంలో ఎక్కడో ఒకచోట మనిషి పాత్ర ఉంది. మోసపోయి లింకు నొక్కినవాడు, పొరపాటున ఫైలు వేరేవాళ్లకు పంపినవాడు, అడగ్గానే పాస్‌వర్డు చెప్పేసినవాడు... వీళ్లలో ఎక్కువమంది మనలాంటి మామూలు ఉద్యోగులే.

ఉదాహరణకు దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకులో 2022 జనవరిలో జరిగిన దోపిడీనే తీసుకోండి. తుపాకులు లేవు, ముసుగులు లేవు. సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలు వందకు పైగా ఖాతాల్లోకి చెదిరిపోయి, అక్కడి నుంచి ఇంకా ఇంకా ఖాతాల్లోకి పాకిపోయాయి. పోలీసులు రెండు నెలలు తవ్వి తేల్చిందేమిటంటే, అసలు కథ 2021 నవంబరులోనే మొదలైంది. బ్యాంకు సిబ్బందికి విడతలుగా దాదాపు 200 నకిలీ మెయిళ్లు వచ్చాయి. వాటిని తెరిచింది ఇద్దరంటే ఇద్దరు. ఆ ఇద్దరి కంప్యూటర్లలో దొంగ ప్రోగ్రాం చేరింది. వాళ్లు ఏ మీట నొక్కినా అవతలివాడికి తెలిసేది. వాడు తొందరపడలేదు. నిమ్మళంగా లోపలి దారులన్నీ చూసుకుని, వారాంతం కలిసొచ్చేలా పని కానిచ్చాడు. అప్పటి నగర పోలీసు కమిషనర్ సీవీ ఆనంద్ బ్యాంకు నిర్లక్ష్యాన్ని విలేకరుల ముందు గట్టిగానే ఎండగట్టారు. సైబర్ భద్రత నిబంధనలు పాటించలేదంటూ 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

ఈ కేసు గురించి మాట్లాడేవాళ్లంతా ఆ ఇద్దరి గురించే మాట్లాడతారు. ఆలోచించాల్సింది మిగతావాళ్ల గురించి. అన్ని మెయిళ్లు వస్తే కొందరికైనా 'ఇదేదో తేడాగా ఉందే' అనిపించకుండా ఉంటుందా? అనిపించినవాళ్లు మామూలుగా చేసే పని ఒకటే. దాన్ని తుడిచేసి, తమ పని తాము చూసుకుంటారు. మనకెందుకొచ్చిన గొడవ అనుకుంటారు. ఏ ఆఫీసులోనైనా జరిగేది ఇదే. అనుమానం వచ్చిన ఒక్కరు వెంటనే చెప్పడం, విన్నవాళ్లు విసుక్కోకుండా మిగతా కంప్యూటర్లన్నీ చూడటం. ఈ రెండూ జరిగే ఆఫీసులో దొంగకు రెండు నెలల వ్యవధి దొరకదు. దాదాపు 200 మెయిళ్లలో తెరిచింది ఇద్దరే. మిగతావాళ్లంతా జాగ్రత్తగా ఉన్నా బ్యాంకు మునిగింది. కాబట్టి 'ఎవ్వరూ నొక్కకూడదు' అన్నది ఆశే గానీ, ఏర్పాటు కాదు.

ఇలాంటివి లోకమంతా ఉన్నాయి. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు ఖాతా నుంచి 8.1 కోట్ల డాలర్లు కొట్టేసిన ముఠా, అంతకు ఏడాది ముందు ఉద్యోగం కావాలంటూ బ్యాంకు సిబ్బందికి మెయిళ్లు పంపింది. బయోడేటా అనుకుని తెరిచారు. 2017 మేలో వన్నాక్రై వైరస్ ప్రపంచాన్ని కుదిపేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరుతో సహా పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లే మొరాయించాయి. దానికి విరుగుడును మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోవడమే మిగిలింది. 'అప్‌డేట్ చేయమంటారా' అని తెర మీద అడిగిన ప్రతిసారీ 'తర్వాత చూద్దాం' అని నొక్కడం మన దగ్గర అంటువ్యాధి.

మరి కంపెనీలు చేస్తున్నదేమిటి? దీనికి కాస్త వెనక్కి పోవాలి. 2005 ఏప్రిల్‌లో పుణెలో ఎంఫసిస్ సంస్థకు చెందిన కాల్‌సెంటర్‌లో పనిచేసిన కొందరు, సిటీబ్యాంకు అమెరికా ఖాతాదారుల నుంచి పిన్ నంబర్లు రాబట్టి దాదాపు మూడున్నర లక్షల డాలర్లు మళ్లించారని కేసు పెట్టారు. ఆ మరుసటి ఏడాది జూన్‌లో బెంగళూరులోనే హెచ్‌ఎస్‌బీసీ కేంద్రంలోని ఒక ఉద్యోగి బ్రిటన్ ఖాతాదారుల వివరాలు బయటికి పంపాడని అరెస్టయ్యాడు. పోయింది 2 లక్షల 33 వేల పౌండ్లు. ఈ రెండూ అప్పట్లో పెద్ద గగ్గోలు. భారతీయుల చేతిలో డేటా పెట్టవచ్చా అని విదేశీ పత్రికలు రాశాయి. పరిశ్రమ భయపడింది. ఫలితంగా ఫ్లోర్‌లోకి సెల్‌ఫోన్ వద్దన్నారు, పెన్నూ కాగితమూ వద్దన్నారు, పోతూ వస్తూ జేబులు తడమడం పెట్టారు. ఇంటి దొంగను పట్టడానికి అవి కొంత పనికొచ్చాయి. చిక్కేమిటంటే, ఉద్యోగి అంటే అనుమానించాల్సిన మనిషి అన్న భావం అప్పుడు పాతుకుని, ఇప్పటికీ పోలేదు.

ఇక్కడ తేడా పట్టుకోవాలి. అమ్ముకునేవాడు వేరు, మోసపోయేవాడు వేరు. అమ్ముకునేవాడికి చట్టం ఉంది. 2000 నాటి ఐటీ చట్టానికి 2008లో తెచ్చిన సవరణలో చేర్చిన 72ఏ సెక్షన్ ప్రకారం, ఒప్పందం మీద చేతికొచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని బయటపెడితే మూడేళ్ల దాకా జైలు. మోసపోయినవాడికి కావాల్సింది జైలు కాదు. అతనికి చెప్పుకునే చోటు కావాలి. మన కంపెనీల్లో చాలావాటికి ఈ ఇద్దరికీ ఒకే మందు ఇవ్వడం అలవాటైపోయింది. భయం.

ఏటా జరిగే 'అవగాహన' తంతు సంగతి చందాపుర పీజీల్లో ఎవరిని అడిగినా నవ్వుతూ చెబుతారు. అరగంట పాఠం కంప్యూటర్ మీద వస్తుంది. బొమ్మలు కదులుతాయి, అమెరికా యాసలో ఎవరో మాట్లాడతారు. ఒక కిటికీలో దాన్ని నడవనిచ్చి, ఇంకో కిటికీలో తమ పని చేసుకుంటారు. చివర్లో పది ప్రశ్నలు. జవాబులు అప్పటికే టీం వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంటాయి. నూటికి నూరు మార్కులు, సర్టిఫికెట్టు, మేనేజరుకు పచ్చ గీత. ఆడిటర్ అడిగితే చూపించడానికి కాగితం సిద్ధం. భద్రత పాఠం జవాబులనే కాపీ కొట్టి పాసయ్యే చోట ఇంకేం భద్రత అని అడిగితే, 'టార్గెట్ ఉంది సార్, టైం ఎక్కడిది' అంటారు. వాళ్లు చెప్పేదీ అబద్ధం కాదు. గడువు దాటితే అడిగేవాళ్లు రోజూ ఉంటారు. పాఠం సరిగా విన్నావా అని అడిగేవాళ్లు లేరు.

రెండో తంతు దొంగ మెయిళ్ల పరీక్ష. కంపెనీయే ఒక నకిలీ మెయిల్ వండి సిబ్బందికి పంపుతుంది. నొక్కినవాళ్ల పేర్లు జాబితాకు ఎక్కుతాయి, మళ్లీ పాఠం తప్పదు. కొన్నిచోట్ల ఆ జాబితా మేనేజరు బల్ల మీదికీ పోతుంది. ఉద్దేశం మంచిదే కావచ్చు. అమెరికాలో గోడాడీ అనే కంపెనీ 2020 డిసెంబరులో, కరోనా కష్టకాలంలో, 650 డాలర్ల పండగ బోనస్ ఇస్తున్నామంటూ ఇలాంటి పరీక్ష మెయిల్ పంపింది. ఆశపడి నొక్కినవాళ్లకు బోనస్ బదులు 'మీరు ఫెయిల్' అన్న కబురు అందింది. ఊరంతా ఛీ కొట్టాక కంపెనీ క్షమాపణ చెప్పింది. దొంగ అలాంటి మెయిల్ పంపడా అంటే పంపుతాడు, నిజమే. దొంగతో పాటు యజమాని కూడా ఉద్యోగి ఆకలితో ఆడుకుంటే, ఆ తర్వాత యజమాని చెప్పే మంచి మాట కూడా ఎవరి చెవికీ ఎక్కదు.

పోనీ, ఈ పరీక్షల వల్ల ఫలితమన్నా ఉందా? అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగో పరిశోధకులు అక్కడి ఆసుపత్రుల సంస్థలో 19,500 మంది సిబ్బందిని ఎనిమిది నెలలు గమనించారు. శిక్షణ పొందినవాళ్లకీ పొందనివాళ్లకీ నొక్కడంలో వచ్చిన తేడా 1.7 శాతం. అంతే. అంతకుముందు స్విట్జర్లాండ్‌లో ఈటీహెచ్ జ్యూరిక్ వాళ్లు ఒక పెద్ద సంస్థలో 14 వేల మందికి పైగా ఉద్యోగులను 15 నెలలు పరిశీలించారు. నొక్కగానే పాఠం చెప్పే పద్ధతి మేలు చేయకపోగా, కొందరిలో ధీమా పెంచి కీడు చేసిందని తేలింది. అదే పరిశీలనలో ఇంకో మంచి సంగతి బయటపడింది. అనుమానం వచ్చిన మెయిల్‌ను చెప్పడానికి ఒక మీట ఇస్తే, ఉద్యోగులు విసుగు లేకుండా నెలల తరబడి చెబుతూనే ఉన్నారు. కొత్త దొంగ మెయిల్ వచ్చిన కొద్ది నిమిషాల్లోనే మొదటి ఫిర్యాదు అందేది. అంటే, నొక్కకుండా ఆపే శిక్షణ మీద పోసిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరవుతుంటే, నోరు విప్పేవాళ్లకు ఇచ్చిన చిన్న మీట పని చేసింది. ఈ సంగతి మన దగ్గర ఎంతమంది అధికారుల చెవిన పడిందో!

నోరు విప్పడం దగ్గరే మన పిల్లలు ఆగిపోతున్నారు. రాత్రి షిఫ్టులో పదకొండు గంటలకు ఒక కుర్రాడు పొరపాటున లింకు నొక్కాడనుకుందాం. తెర ఒకసారి మెరిసింది, ఏమీ కాలేదు. గుండెలో రాయి పడింది. ఇప్పుడతను ఏం చేస్తాడు? థర్డ్ పార్టీ పేరోల్ మీద ఉన్నాడు, ఆరు నెలల కాంట్రాక్టు. కన్ఫర్మేషన్ రావాలి. ఇంటికి నెలనెలా డబ్బు పంపాలి, చదువు అప్పు ఉంది. చెబితే పేరు జాబితాలో పడుతుంది. చెప్పకపోతే, ఏమీ కాలేదేమో, ఎవరికీ తెలియదేమో. పక్క సీటు అన్నను అడుగుతాడు. 'నోర్మూసుకో, హిస్టరీ తీసెయ్' అంటాడు అన్న. ప్రేమతోనే అంటాడు. ఆ ప్రేమే కొంప ముంచుతుంది. మొదటి గంటలో నెట్‌వర్కు నుంచి ఒక కంప్యూటర్ తప్పిస్తే తీరిపోయేది, వారం తర్వాత సంస్థ మొత్తానికి పాకి ఉంటుంది.

కేంద్రానికి చెందిన సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఒక ఆదేశం ఇచ్చింది. సైబర్ ఘటన తమ దృష్టికి వచ్చిన 6 గంటల్లోగా సంస్థలు తెలియజేయాలి. కంపెనీలు గడువు చాలదని అప్పుడు గోల పెట్టాయి. గడువు సంగతి తర్వాత. సంస్థ దృష్టికి రావాలంటే ముందు ఉద్యోగి చెప్పాలి కదా. భయంతో అతను ఆరు రోజులు దాచిపెట్టే వాతావరణం ఉన్నచోట ఆరు గంటల గడువుకు అర్థమేముంది?

విమానయాన రంగం ఈ చిక్కుముడిని ఎప్పుడో విప్పింది. అమెరికాలో 1976 నుంచి పైలట్లు, కంట్రోలర్లు తమ పొరపాట్లను తామే రహస్యంగా రాసి పంపే పద్ధతి నాసా ఆధ్వర్యంలో నడుస్తోంది. కావాలని చేసిన తప్పు కాకపోతే, గడువులోగా చెప్పుకున్నవాడికి శిక్షలో మినహాయింపు ఉంటుంది. అలా అందిన లక్షల ఉత్తరాల నుంచి ఎక్కడ ప్రమాదం పొంచి ఉందో ముందే కనిపెడుతున్నారు. ప్రాణాలతో చెలగాటమైన చోటే చెప్పుకున్నవాణ్ని మన్నిస్తే లాభం ఉందని తేలింది. మెయిల్ నొక్కినవాణ్ని మన్నిస్తే కంపెనీల సొమ్మేం పోతుంది?

హెల్ప్‌డెస్కుల సంగతి వేరే చెప్పుకోవాలి. ఎందుకంటే బెంగళూరు, హైదరాబాద్, చెన్నైలలో ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్లలో తెలుగువాళ్లు కొల్లలు. 2023 సెప్టెంబరులో అమెరికాలో ఎంజీఎం రిసార్ట్స్ హోటళ్లు, జూద గృహాలు రోజుల తరబడి స్తంభించాయి. దెబ్బ సుమారు 10 కోట్ల డాలర్లని ఆ సంస్థే లెక్క చెప్పింది. ఉద్యోగినని చెప్పి హెల్ప్‌డెస్కుకు చేసిన ఫోన్ కాల్‌తో దారి దొరికిందని కథనాలు వచ్చాయి. క్లోరాక్స్ అనే కంపెనీ 2025 జులైలో కాగ్నిజెంట్ మీద 38 కోట్ల డాలర్లకు దావా వేసింది. 2023 ఆగస్టులో తమ మీద జరిగిన దాడికి కారణం, ఫోన్ చేసినవాడెవరో నిర్ధారించుకోకుండా హెల్ప్‌డెస్క్ సిబ్బంది పాస్‌వర్డు ఇచ్చేయడమేనన్నది దాని ఆరోపణ. కాగ్నిజెంట్ దాన్ని కొట్టిపారేసింది. తమకు అప్పగించింది పరిమితమైన పని అని, అది సక్రమంగానే చేశామని, లోపం క్లోరాక్స్ భద్రత ఏర్పాట్లలోనే ఉందని అంటోంది. బ్రిటన్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణాలను 2025 ఏప్రిల్‌లో కుదేలు చేసిన దాడి కూడా వేరొకరిలా నటించి మాట్లాడటంతోనే మొదలైందని ఆ సంస్థ చైర్మన్ పార్లమెంటు సభ్యుల ముందు చెప్పారు.

కోర్టులు ఎవరిది తప్పంటాయో చూద్దాం. ఈ లోపు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి పరిస్థితి ఆలోచించండి. కాల్ ఎన్ని నిమిషాల్లో ముగించావన్నదే అతని కొలత. కాల్ చేసినవాడు సంతృప్తి పడ్డాడా లేదా అన్నదానికీ మార్కులే. అవతలి గొంతు గద్దిస్తుంది. 'నేనెవరో తెలుసా? పది నిమిషాల్లో మీటింగ్ ఉంది, నీ మేనేజర్ పేరు చెప్పు' అంటుంది. నిజంగా పెద్ద అధికారే అయితే? ధ్రువీకరణ ప్రశ్నలు అడిగితే సమయం మించుతుంది, మార్కు పోతుంది, తిట్లు వస్తాయి. అడగకుండా పాస్‌వర్డు మార్చి ఇస్తే అందరూ హ్యాపీ. నియమాల పుస్తకం ఒక మాట చెబుతుంటే, జీతం ఇంకో మాట చెబుతోంది. మనిషి జీతం మాటే వింటాడు.

దానికి తోడు మన పెంపకం ఒకటి. పెద్దలకు ఎదురు చెప్పకూడదు, అడిగినవాళ్లకు లేదనకూడదు, వెనకాల వస్తున్న మనిషి ముఖం మీద తలుపు వేయకూడదు. ఇవన్నీ మంచి బుద్ధులే. ఇంట్లో వీటిని మెచ్చుకుంటారు. ఆఫీసు గేటు దగ్గర కార్డు గీకి, వెనక వస్తున్న అపరిచితుడి కోసం తలుపు పట్టుకు నిలబడేది ఆ మర్యాదతోనే. ఎండీ పేరుతో వాట్సాప్‌లో 'అర్జెంటుగా గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపు' అని వస్తే మారు మాట్లాడకుండా పంపేదీ ఆ వినయంతోనే. ఈ దేశంలో 'సార్' అన్న పిలుపు ముందు ఏ ఫైర్‌వాలూ నిలవదు. ఎంత పెద్దవాడు అడిగినా 'ఒక్క నిమిషం సార్, మీ నంబరుకు నేనే తిరిగి ఫోన్ చేస్తాను' అనడం అమర్యాద కాదని, అలా అన్నవాణ్ని ఆ పెద్దవాడే నలుగురిలో మెచ్చుకోవాలని ఒక ఆనవాయితీ రావాలి. అది పైనుంచే రావాలి. కింద కూర్చున్న కుర్రాడు తెచ్చేది కాదు.

అంతా కంపెనీల మీదికి నెట్టేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. మనవాళ్లలో ఉన్న ఒక జబ్బు గురించి బయట మాట్లాడటానికి మొహమాటపడతాం. అది 'జాబ్ సపోర్ట్'. అమెరికాలోనో, ఇక్కడే ఇంకో కంపెనీలోనో ఉద్యోగం తెచ్చుకున్నవాడికి పని రాదు. నెలకు ఇంతని మాట్లాడుకుని, రాత్రిపూట తన కంప్యూటర్ తెరను రిమోట్ యాప్‌తో ఇంకొకడికి అప్పగిస్తాడు. అమీర్‌పేటలో మొదలైన ఈ సంప్రదాయం ఇప్పుడు బెంగళూరు పీజీ గదుల దాకా పాకింది. సాయం చేసేవాడు మంచివాడే, కష్టపడి నాలుగు రాళ్లు సంపాదించుకుంటున్నాడు. ఇద్దరూ దాన్ని తప్పనుకోరు. అన్నదమ్ముల్లాంటి సర్దుబాటు అనుకుంటారు. కానీ ఆ తెర మీద కనబడుతున్నది ఏ బ్యాంకు ఖాతాదారుల వివరాలో, ఏ ఆసుపత్రి రోగుల రికార్డులో. వాటిని చూసే హక్కు లేని మనిషి చూస్తున్నాడు. అతని ల్యాప్‌టాప్‌లో ఏ వైరస్ ఉందో అతనికే తెలియదు. ఏ పాఠంలోనూ దీని గురించి గట్టిగా చెప్పరు. పాఠాలు రాసే దొరలకు ఇలాంటిది ఒకటుందనే తెలిసి ఉండదు.

కంపెనీ ల్యాప్‌టాప్ మీద బయటి పనులు చేస్తే ఏమవుతుందో బెంగళూరు ఈమధ్యే చూసింది. క్రిప్టో సంస్థ కాయిన్ డీసీఎక్స్ నుంచి 2025 జులై 19న 4.4 కోట్ల డాలర్లు, మన లెక్కలో దాదాపు 379 కోట్ల రూపాయలు మాయమయ్యాయి. పోలీసులు ఆ సంస్థ ఉద్యోగి ఒకరిని అరెస్టు చేశారు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పార్ట్‌టైం పనులు చేసేవాడని, ఆ పని పేరుతో వచ్చిన ఫైళ్ల ద్వారానే దొంగలు లోపలికి చొరబడ్డారని దర్యాప్తులో చెప్పారు. దొంగతనంలో తనకు పాత్ర లేదని అతను అన్నాడు. అది తేల్చాల్సింది కోర్టు. పక్క సంపాదన కోసం ఆఫీసు ల్యాప్‌టాప్ తెరిచే ప్రతి ఒక్కరూ ఒకసారి అతని స్థానంలో తమను ఊహించుకుంటే చాలు.

ఇక ఎలక్ట్రానిక్స్ సిటీ అద్దాల మేడలు దాటి ఇటు వస్తే కథ మరోలా ఉంటుంది. బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె పారిశ్రామిక వాడల్లో చిన్నా పెద్దా యూనిట్లు ఉన్నాయి. వాటిలో చాలావాటికి భద్రత విభాగం ఉండదు. అకౌంట్స్ చూసే ఒక అమ్మాయి, ఒక టాలీ కంప్యూటర్, దానికి ముగ్గురు వాడే ఒకే పాస్‌వర్డు. ఆ పాస్‌వర్డు కూడా మానిటర్ కింద అంటించి ఉంటుంది. సరుకు పంపే పార్టీ పేరుతో మెయిల్ వస్తుంది. 'మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు ఇందులో వేయండి' అని. మెయిల్ చిరునామాలో ఒక అక్షరం తేడా. సాయంత్రం లోపు పేమెంట్ పోవాలని యజమాని తొందర. ఆ అమ్మాయి పంపేస్తుంది. పది రోజులకు అసలు పార్టీ ఫోన్ చేసి డబ్బేదని అడిగితే గానీ గుట్టు బయటపడదు. అప్పుడు యజమాని మొదట అడిగే ప్రశ్న 'ఎవరు పంపారు?' పాత నంబరుకు ఒక్క ఫోన్ కొట్టి అడగమని ఆ అమ్మాయికి ఎప్పుడైనా చెప్పారా అని మాత్రం అడగరు. వెంటనే 1930కి ఫోన్ చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది. పది రోజుల తర్వాత చేస్తే దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్లే.

భాష ఇంకో గోడ. ఈ వాడల్లో షాప్ ఫ్లోర్ మీద కన్నడం, తెలుగు, తమిళం, హిందీ, ఒడియా కలగలిసి వినబడతాయి. పాఠం మాత్రం ఇంగ్లిష్‌లో. సెక్యూరిటీ గార్డుకు, హౌస్‌కీపింగ్ అమ్మకు, క్యాబ్ డ్రైవరుకు అది కూడా ఉండదు. బోర్డు మీద రాసినవి తుడిచేది ఆమె, చెత్తబుట్టలోని కాగితాలు చూసేది ఆమె, రాత్రి ఖాళీ ఫ్లోర్‌లో తిరిగేది గార్డు. వాళ్లను వదిలేసి ఏ భద్రత? తెలుగులో చెప్పడానికి సరుకు లేక కాదు. కేంద్ర ప్రభుత్వ సమాచార భద్రత అవగాహన కార్యక్రమం కింద హైదరాబాద్‌లోని సీడాక్ ఏళ్ల తరబడి భారతీయ భాషల్లో పోస్టర్లు, చిన్న పుస్తకాలు, వీడియోలు తయారు చేస్తోంది. అవి ఉచితం. తెచ్చి గోడకు అంటించే ఓపిక కావాలి.

పాస్‌వర్డుల విషయంలోనూ పాత చాదస్తం వదలడం లేదు. నెలకోసారి మార్చాలి, పెద్ద అక్షరం, చిన్న అక్షరం, అంకె, చుక్క ఉండాలి అంటారు. ఫలితం? నెల పేరు, సంవత్సరం, చివర ఒక గుర్తు. దొంగ మొదట కొట్టి చూసేది అదే. ఈ నియమాలకు మూలమైన అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్, లీకైందన్న ఆధారం ఉంటే తప్ప ఊరికే మార్పించవద్దని 2017లోనే చెప్పింది. పొడుగ్గా ఉండే, గుర్తుండే మాటలు మేలని కూడా చెప్పింది. మన ఆఫీసుల్లో ఇంకా నెలాఖరుకు పాస్‌వర్డు మార్చుకోమని గంట మోగుతూనే ఉంది. పాటించలేని నియమం పెట్టి, పాటించలేదని మనిషిని నిందించడం అన్యాయం కాదా?

చట్టం మాత్రం ముందుకు నడుస్తోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలన్నీ 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి వర్తిస్తాయి. రక్షణ ఏర్పాట్లలో లోపం ఉంటే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. డేటా పోతే ఆ డేటా ఎవరిదో వాళ్లకు చెప్పి తీరాలి. జరిమానా పడేది సంస్థ మీద. ఆ భారం కిందికి జారి, చివరికి మీట నొక్కిన కాంట్రాక్టు కుర్రాడి మెడకు చుట్టుకోకుండా చూడాల్సింది ఎవరు? కార్మిక శాఖ, ఐటీ ఉద్యోగుల సంఘాలు ఇప్పుడే ఈ ప్రశ్న లేవనెత్తాలి. తానే ముందుకొచ్చి చెప్పుకున్నవాణ్ని ఆ కారణంతో తీసేయరాదని, అప్రైజల్‌లో రాయరాదని నియామక పత్రంలోనే ఒక వాక్యం ఉండాలని అడగాలి. పెద్ద కంపెనీలు తలచుకుంటే ఒక్క సర్క్యులర్‌తో అయ్యే పని ఇది. మొదటి ఉత్తరం మేనేజరే రాసి, 'నేనూ ఒకసారి నొక్కాను' అని చెబితే ఇంకా మంచిది.

చిన్న యూనిట్లకు సర్క్యులర్లతో పని జరగదు. వాటి కోసం పారిశ్రామిక వాడల సంఘాలు పూనుకోవాలి. కన్నడం, తెలుగు, తమిళం, హిందీల్లో ఒక్కో పేజీ కాగితం చాలు. ఖాతా నంబరు మారిందంటే పాత నంబరుకు ఫోన్ చేయాలని, డబ్బు పోతే 1930కి చెప్పాలని, అనుమానం వస్తే యూనిట్‌లో ఫలానా మనిషికి ఏ వేళప్పుడైనా చెప్పవచ్చని అందులో ఉండాలి. ఆ ఫలానా మనిషి పేరు, సెల్ నంబరు రాసే గడి ఖాళీగా వదలకూడదు. ముందు ఆ గడి నింపి, తర్వాత అచ్చుకు పంపాలి.